జూన్ పధ్నాలుగు ఎండ

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా గ్లెనిస్ ప్రీస్ నాలుగు గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టి, ఫ్లాస్కు నిండా టీ పోసి, స్పానర్ల పెట్టె, రెండు డబ్బాల ఇంజన్ ఆయిలు, ఒక ఫ్యాన్ బెల్టు, లాగే తాడు, నాలుగు పాత తువ్వాళ్ళు తన చిన్న జపాన్ కారు వెనక సీట్లో సర్దుకుంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారమూ ఇదే వరస. మొగుడు మెర్విన్ తన ఆకుపచ్చ కార్వెల్ టూ-సీటర్, పైకప్పు తెరిచి ఉండే పాతకాలపు కారు, వేసుకుని ముందు బయల్దేరతాడు. ఆవిడ వెనకాల వెళ్తుంది. ఆ కారు దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగాక స్పానర్లు అందివ్వడానికి ఒక మనిషి కావాలి కదా. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి గ్లెనిస్.

మా ఊరు బ్రామ్‌యార్డ్ వైపు ఆదివారం వాన పడకపోతే జనం అనుమానంగా ఆకాశం వంక చూస్తారు. ఆ వానలో అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే, గ్లెనిస్‌కి ముందు కారులో మొగుడి బట్టతల కనబడుతూ ఉంటుంది. దాని మీద మాత్రం ఎండ పడుతూ ఉంటుంది. కార్వెల్ కారు ఏ రోజున కార్ఖానా గేటు దాటిందో ఆ రోజు వాతావరణం అందులో అలాగే ఉండిపోతుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మెర్విన్ కారు బయటికొచ్చింది పంతొమ్మిది వందల అరవై రెండు జూన్ పధ్నాలుగు, గురువారం, మధ్యాహ్నం పావు తక్కువ నాలుగింటికి. అందుకని అందులో ఎప్పుడూ మంచి ఎండ, పక్క పొలంలో కోసి ఆరేసిన గడ్డి వాసన, ఎక్కడో ఒక కోకిల. ఫిబ్రవరిలో ఎండకి కమిలిన ముక్కుతో మెర్విన్ చర్చికి వస్తే పాస్టరమ్మ “నిన్న కారు తీశారా?” అని మాత్రం అడిగి పాటల పుస్తకం చేతిలో పెట్టేది.

కార్ఖానా మూతపడి యాభై ఏళ్ళు దాటింది. మిగిలిన కార్ల కోసం కొట్టుకు చచ్చేవాళ్ళు మాత్రం ఏటేటా పెరుగుతున్నారు. వాళ్ళకొక క్లబ్బు, ఏడాదికొక ప్రదర్శన, ప్రదర్శనలో పోటీ, పోటీకి ఒక మార్కుల కాగితం. రంగుకి ఇరవై, ఇంజనుకి ఇరవై, తోలు సీట్లకి పది, వాతావరణానికి యాభై. మే, జూన్ కార్లంటే పడి చస్తారు. నవంబరు కార్లు ఎవడికీ అక్కర్లేదు. ఫిబ్రవరి పొగమంచు కారు ఉంటే చెప్పమని లింకన్‌షైర్ నుంచి ఒక పెద్దాయన పత్రికల్లో ప్రకటనలు వేయిస్తూ ఉంటాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

అయితే ఒక మెలిక ఉంది. వాతావరణం అంటుకుని ఉండేది కారుతో పుట్టిన అసలు భాగాలకే. మడ్‌గార్డు ఒకటి మార్చి కొత్తది బిగిస్తే ఆ మూల నుంచి ఇవాళ్టి వాన లోపలికి వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్ళ క్రితం లెడ్‌బరీ దగ్గర ఒక కోళ్ళ షెడ్డులోంచి మెర్విన్ ఈ కారుని ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చినప్పుడు దానిలో సగం భాగాలు దానివి కావు. అప్పుడు అందులో మిగిలిన జూన్ ఎంతంటే, గేరు రాడ్డు మీద సాసరంత ఎండ ముక్క. ఆ చలికాలం సాయంత్రాలు టీ తాగాక మొగుడూ పెళ్ళాం గరాజులో ఆ కారెక్కి కూర్చుని, ఆ ముక్క మీద నాలుగు చేతులూ పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. గ్లెనిస్‌కి ఆ కారంటే ఇష్టం అప్పుడే, ఆ ఒక్క చలికాలమే.

తర్వాత మెర్విన్‌కి పిచ్చి ముదిరింది. కౌంటీ రోడ్ల శాఖలో ఉద్యోగం చేస్తూనే, సెలవు దొరికితే చాలు, నాలుగు వందల పదిహేడో నంబరు కారు భాగాల కోసం దేశమంతా తిరిగాడు. బానెట్టు ష్రూస్‌బరీలో దొరికింది. ముందు అద్దం నార్‌ఫక్‌లో ఒక ముసలావిడ టమాటా మొక్కల మీద కప్పుకుంది. మడ్‌గార్డుల కోసం ఓడెక్కి హాలండ్ వెళ్ళొచ్చాడు. ఒక్కొక్కటి బిగిస్తున్నకొద్దీ ఎండ పెరిగింది, వెచ్చదనం వచ్చింది, కోకిల కూసింది. సీట్లు దొరికిన రోజున గడ్డి వాసన వచ్చింది. వాసనతో పాటు పుప్పొడి వచ్చింది.

గ్లెనిస్‌కి గడ్డి పుప్పొడి పడదు. కారెక్కి తలుపు వేసుకున్న రెండో నిమిషానికి కళ్ళు వాచి, ముక్కు కారి, వరసబెట్టి ముప్ఫై తుమ్ములు తుమ్మేది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. ఈతకెళ్ళేవాళ్ళ కళ్ళద్దాలు పెట్టుకుంది. మాత్రలు వేసుకుంది. మాత్రలు ఈ కాలపు పుప్పొడికి పనిచేస్తాయి గానీ అరవై రెండు నాటి దానికి పనిచెయ్యవని డాక్టరమ్మ తేల్చేసింది, ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అని అడిగింది. అప్పట్నుంచి గ్లెనిస్ వెనక కారుకి మారింది. కారు ఎంత బాగుపడితే ఆవిడ అంత దూరమైంది. ఆ సంగతి మెర్విన్ గమనించినట్టు ఆవిడకి ఏనాడూ అనిపించలేదు.

చెడ్డవాడా అంటే కాదు. అదే అసలు చిక్కు. రోజూ పొద్దున్నే టీ కలిపి మంచం దగ్గరికి తెచ్చిస్తాడు. పుట్టినరోజు మర్చిపోడు. కిందటి పుట్టినరోజుకి తలకి కట్టుకునే టార్చి లైటు తెచ్చిచ్చాడు, వానలో స్పానర్ల నంబర్లు చదువుకోవడానికి వీలుగా ఉంటుందని. గ్లెనిస్ థాంక్స్ చెప్పి, వంటింట్లోకి వెళ్ళి, బంగాళాదుంపల మీద కోపం తీర్చుకుంది. స్కూల్లో మూడు వందల మంది పిల్లలకి వండిపెట్టిన మనిషి కాబట్టి కోపంలో కూడా దుంపలు సమానంగా తరిగింది.

మార్చి నెలలో ఒక మంగళవారం, భోజనాల బల్ల మీద కార్బురేటరు విప్పి పరిచి ఉండగా, గ్లెనిస్ చెప్పవలసింది చెప్పేసింది. టెన్బీలో అక్క ఐర్వెన్ ఉంది. మొగుడు పోయి మూడేళ్ళయింది. సముద్రం వైపు గది ఒకటి ఖాళీగా ఉంది. జూలైలో క్లబ్బు ప్రదర్శన అయిపోగానే తను అక్కడికి వెళ్ళిపోతుంది.

“ఎన్నాళ్ళు?” అన్నాడు మెర్విన్.

“ఉండడానికి వెళ్తున్నాను. చూసి రావడానికి కాదు.”

మెర్విన్ చేతిలో ఉన్న చిన్న స్క్రూని చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“ప్రదర్శన అయ్యాకే కదా?” అన్నాడు.

గ్లెనిస్‌కి ఒళ్ళు మండింది. అరవై ఎనిమిదేళ్ళ పెళ్ళాం ఇల్లు విడిచి పోతానంటే తారీఖు సరిచూసుకుంటున్నాడు. అదే మాట మొహం మీదే అడిగింది. దానికి మెర్విన్, అలా కాదు, ఇక ఒక్క తలుపే మిగిలింది, ఎడమ పక్క తలుపు, అది దొరికితే పని అయిపోయినట్టే, అప్పుడు నిన్ను ఎక్కడికంటే అక్కడికి తీసుకెళ్తాను అన్నాడు. దేంట్లో అని అడిగిందావిడ. ఇందులోనే అన్నాడు. తుమ్ముకుంటూనా అని అడిగింది. మెర్విన్ స్క్రూ వంక చూశాడు. దాని మీద కూడా జవాబు రాసి లేదు.

ఆ తలుపు కథ ఊరందరికీ కంఠతా వచ్చు. అరవై తొమ్మిదిలో అప్పటి యజమాని ఆపిల్ తోట గేటు స్తంభానికి కారుని రాసేసి, సొట్టపడ్డ తలుపు పీకి పారేసి, కార్ఖానా నుంచి ఇంకోటి తెచ్చి బిగించుకున్నాడు. అది ఏ డిసెంబరు కారుకి పుట్టిన తలుపో మరి, ఎడమ పక్క నుంచి సన్నటి చలిగాలి వస్తూ ఉంటుంది. ఏటా పోటీలో ఆ గాలికే ఆరు మార్కులు పోతాయి. మార్కులు వేసేది రోలండ్ స్క్వైర్స్. రిటైరైన పళ్ళ డాక్టరు. ఇప్పటికీ పళ్ళు చూసే చిన్న అద్దంతోనే కారు కింద దూరి బోల్టులు చూస్తాడు. ఆయనకి హీటర్లు పెట్టిన పెద్ద షెడ్డులో తొమ్మిది కార్వెల్ కార్లున్నాయి. మెరుపు చూస్తే కళ్ళు చెదురుతాయి గానీ ఒక్కదాంట్లోనూ చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. మెర్విన్ కారుని ఏటా అడుగుతాడు, మెర్విన్ ఏటా ఇవ్వనంటాడు, ఇద్దరూ కలిసి ఒక పైంటు బీరు తాగుతారు.

ఏప్రిల్లో పాత విడిభాగాల సంత జరిగింది. గుర్రప్పందేల మైదానంలో బురద, బురదలో బల్లలు, బల్లల మీద తుప్పు, తుప్పు మీదకి వంగిన మగాళ్ళ వీపులు. ఒక్కడూ ఒక్కడితో మాట్లాడడు. పొద్దున్నుంచీ వాన. గ్లెనిస్ మూడు గంటలు మొగుడి వెంట తిరిగి, కాళ్ళు తడిసి, విసుగెత్తి, మూల ఉన్న టీ వ్యానుకి వెళ్ళింది. వ్యాను ముందు రెండు బీరు పీపాల మీద ఒక ఆకుపచ్చ రేకు పరిచి, దాని మీద కప్పులు పెట్టారు. కప్పు అందుకోబోతూ ఆ రేకు మీద చెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. టీ వేడి అనుకుంది. కాసేపటికి చూస్తే తడిసిన కోటు చెయ్యి మోచేతి దాకా ఆరిపోయింది. అప్పుడు తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. మూడోసారి తుమ్మి, కప్పు కింద పెట్టి, వంగి రేకు అడుగున చూసింది. తలుపు పిడి ఉంది. లోపలి అంచు మీద సుద్దముక్కతో రాసిన అంకెలు ఇంకా కనబడుతున్నాయి. నాలుగు, ఒకటి, ఏడు.

టీ అమ్మే ఆవిడ, మామగారి కాలం నుంచీ ఆ రేకు తమ దగ్గరే ఉందని, చలికి చేతులు వెచ్చబెట్టుకోవడానికి బావుంటుందని చెప్పింది. గ్లెనిస్ ఆ మాట విన్నదో లేదో. మైదానం అవతల మెర్విన్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక గుట్ట తవ్వుతున్నాడు. నిలువునా తడిసిపోయాడు. ఒక్కో తలుపు ముక్కా పైకెత్తి అంచు చూసి, తిరిగి జాగ్రత్తగా పెడుతున్నాడు. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఈ మనిషి తను టెన్బీ వెళ్ళిపోయాక కూడా ప్రతి ఏప్రిల్లో ఇలాగే బురదలో మోకాళ్ళ మీద ఉంటాడు, డెబ్భై అయిదేళ్ళకీ ఎనభై ఏళ్ళకీ ఇలాగే తవ్వుతూ ఉంటాడు, పక్కన పొడి తువ్వాలు అందించే దిక్కు కూడా ఉండదు. అది తలుచుకుంటే ఆవిడకి జాలేసింది. జాలి పడుతున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. ఈ దరిద్రం ఏదో పూర్తి చేసి, చేతులు కడుక్కుని పోదామనుకుంది.

తన మడత బల్లా, గొర్రెతోలు చేతితొడుగులూ టీ ఆవిడకి ఇచ్చి తలుపు పుచ్చుకుంది. దాన్ని బురదలో ఈడ్చుకుంటూ, తుమ్ముకుంటూ, మొగుడి ముందు తీసుకొచ్చి నిలబెట్టింది. మెర్విన్ అంకెలు చూశాడు. బురదలోనే కూలబడ్డాడు. తర్వాత తలెత్తి, “అడుగు అంచు తుప్పు పట్టలేదు కదా?” అన్నాడు.

గ్లెనిస్ వెళ్ళి తన కారులో కూర్చుని, శాండ్‌విచ్‌లు నాలుగూ తనే తినేసింది.

తలుపు సొట్ట తీసి, రంగు వేసి, రంగు ఆరి, మళ్ళీ నచ్చక గీకి, మళ్ళీ వేసేసరికి జూలై వచ్చింది. ఆఖరి బోల్టు ప్రదర్శన మైదానంలోనే, అందరి ముందూ బిగించాలని మెర్విన్ పట్టుబట్టాడు. స్క్వైర్స్ కూడా అదే మంచిదన్నాడు. ఆయన రెండుసార్లు ఇంటికొచ్చి, చిన్న అద్దంతో అన్నీ చూసి, లావుపాటి ఫైలు తిరగేసి వెళ్ళాడు. ఆ ఫైల్లో కారు నంబరు, ఇంజను నంబరు, తోలు ఏ ఊరి నుంచి వచ్చిందో, ఏ బోల్టు ఎన్ని పట్లు బిగించారో, ఆ రోజు గేటు దగ్గర సంతకం పెట్టిన మేస్త్రీ పేరుతో సహా అంతా ఉంది. ఈ దేశంలో ఇంతటి నిజమైన కారు రెండోది ఉండదన్నాడాయన. గ్లెనిస్ ఇద్దరికీ టీ ఇచ్చి, పైకి వెళ్ళి పెట్టెలు సర్దుకుంది.

ప్రదర్శన రోజు, చెప్పుకోవాలి, బయట కూడా అచ్చమైన ఎండ. మాల్వర్న్ కొండల కింద మైదానంలో డెబ్భై కార్వెల్ కార్లు వరసగా నిలబెట్టారు. మార్చి కార్ల దగ్గర గాలికి టోపీలు ఎగిరిపోతున్నాయి. ఒక నవంబరు కారాయన గొడుగు వేసుకుని లోపల కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. గ్లెనిస్ కారు గేటు పక్కన నీడలో ఉంది. వెనక సీట్లో ఈసారి స్పానర్లతో పాటు రెండు పెట్టెలున్నాయి. అక్క రాత్రికి చేపల కూర వండి ఉంచుతానంది. బోల్టు బిగించడం అయిపోగానే బయల్దేరితే చీకటి పడకుండా చేరొచ్చు.

ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఆవిడ ఆఖరి స్పానరు అందించింది. మెర్విన్ తలుపు బిగించాడు. ఎడమ పక్క చలిగాలి ఆగింది. ఆ ఎండ మైదానంలో, ఆ కారులో ఉన్న ఎండ వేరుగా, కాస్త ముదురు రంగులో కనబడింది. గడ్డి వాసన నాలుగు వరసల దాకా వెళ్ళింది. కోకిల రెండుసార్లు కూసింది. జనం చప్పట్లు కొట్టారు. స్క్వైర్స్ వాతావరణం గడిలో యాభై అని పెన్నుతో రాసి, కింద గీత గీశాడు. ఇరవై రెండేళ్ళ క్రితం ఇంటికి తెచ్చినప్పుడు ఎలా నవ్వాడో మెర్విన్ అలా నవ్వాడు. గ్లెనిస్ ఆ నవ్వు చూసి, ఇక చాలనుకుని, కారు తాళాల కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

అప్పుడు కోకిల ఆగిపోయింది.

సీట్ల మీద నీడ కొంచెం జరిగింది. ముందు స్క్వైర్స్ చూశాడు. డ్యాష్‌బోర్డు మీద గడియారం నాలుగు గంటలు చూపిస్తోంది. వాళ్ళు చూస్తూ ఉండగానే నాలుగుంపావు అయింది, అయిదయింది. ఇన్నాళ్ళూ కారు అసంపూర్తిగా ఉండబట్టి ఆ మధ్యాహ్నం అక్కడే ఆగి ఉంది. ఇప్పుడు కారు పూర్తయింది కాబట్టి మధ్యాహ్నం తన దారిన తను కదిలింది. అరవై ఏళ్ళు కూర్చున్న కాళ్ళేమో, మొదట కొంచెం తొందరపడింది. ఎండ పసుపు రంగులోకి తిరిగింది. సీట్ల పైన ఒక మబ్బు కమ్ముకొచ్చింది. బోల్టుల పట్లు లెక్కపెట్టి రాసుకున్న మనుషుల్లో ఒక్కడు కూడా, ఆ రోజు సాయంత్రం వాన పడిందా లేదా అని పాత పేపరు తిరగేసి చూడలేదు.

మొదటి చినుకు తోలు సీటు మీద పడింది. తర్వాత రెండు సీట్ల మేర ఉరిమింది. ఆ తర్వాత కుండపోత.

చుట్టూ ఎండలో ఐస్‌క్రీములు పట్టుకుని జనం, మధ్యలో ఆ ఒక్క కారులో వాన. అడుగున నీళ్ళు నిలిచాయి. గడియారం మామూలు నడకకి వచ్చింది గానీ వాన ఆగే సూచన లేదు. మెర్విన్ స్పానరు పట్టుకుని కొయ్యబారిపోయాడు. స్క్వైర్స్ కాగితం ఛాతీకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు, ఎందుకంటే జూన్ కారుకి గుడ్డ టాపు వెయ్యాల్సిన అవసరం ఎవరికీ ఎప్పుడూ రాలేదు. అది కార్ఖానాలో మడిచినట్టే సీట్ల వెనక ఉంది.

“నిలబడి చూస్తావేం?” అంది గ్లెనిస్. తాళాలు సంచిలో పడేసి, తలుపు తీసుకుని ఎక్కేసింది. “అటు నుంచి ఎక్కు. ఆ కమ్మీ పట్టుకుని పైకి లాగు. అది కాదు, దాని వెనకది. ముందు బొత్తాలు పెట్టకు, నలిగిపోతుంది.”

“నీకెలా తెలుసు?”

“కారుతో ఇచ్చిన పుస్తకం ఉంది కదా. నువ్వు రోడ్డు పక్కన కారు కింద పడుకున్నప్పుడల్లా నేనేం చదివాననుకున్నావ్?”

ఇద్దరూ చెరోపక్క నుంచి లాగితే గుడ్డ టాపు కిర్రుమంటూ లేచింది. బొత్తాలు ఒక్కొక్కటీ బిగిశాయి. లోపల ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. ఒకళ్ళ తడి ఒకళ్ళకి అంటుతోంది. నెత్తి మీద గుడ్డ మీద వాన దబదబా కొడుతోంది. గ్లెనిస్ తువ్వాలు కోసం చూసి, అది వెనక కారులో ఉందని గుర్తొచ్చి, తన స్కార్ఫుతోనే మెర్విన్ తల తుడిచింది. గట్టిగానే తుడిచింది, కోపం ఇంకా పోలేదు.

“గ్లెనిస్,” అన్నాడు మెర్విన్ స్కార్ఫు కింద నుంచి. “నువ్వు తుమ్మలేదు.”

ఆవిడ చెయ్యి ఆగింది. ముక్కు గట్టిగా పీల్చి చూసుకుంది. తడి మట్టి వాసన, తడి తోలు వాసన. పుప్పొడి లేదు. వానకి అణిగిపోయింది. ఈ సీట్లు బిగించాక ఆవిడ ఇందులో ఇంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి.

ఎవరో గుడ్డ మీద తట్టారు. స్క్వైర్స్. కిటికీ సందులోంచి మొహం పెట్టి, నెమ్మదిగా, పన్ను పీకే ముందు చెప్పినట్టు చెప్పాడు. కంగారు పడాల్సిందేమీ లేదు. తలుపు బోల్టు ఒక్కటి తీసేస్తే చాలు, కారు తిరిగి పావు తక్కువ నాలుగుకి వెళ్ళి కూర్చుంటుంది. మళ్ళీ ఎండ. తను రాసిన యాభై కొట్టెయ్యనక్కర్లేదు. అయితే తొందరగా తియ్యాలి, పూర్తిగా పొద్దుపోయి రోజు మారితే ఇక వెనక్కి రాదు. జూన్ పధ్నాలుగు ఇక ఎవరికీ ఉండదు.

మెర్విన్ చేతిలో స్పానరు ఉంది. బోల్టు చెయ్యి చాపితే అందుతుంది. గ్లెనిస్ ఏమీ అనదల్చుకోలేదు. ఇరవై రెండేళ్ళు అన్నది చాలు, ఈ ఒక్కటీ తనంతట తను చేస్తే చెయ్యనీ, లేకపోతే లేదు అనుకుని, అద్దం మీద జారే నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది.

మెర్విన్ బోల్టు వంక చూశాడు. ఆవిడ వాచని కళ్ళ వంక చూశాడు.

“రోలండ్,” అన్నాడు చివరికి, కిటికీ సందులోంచి స్పానరు బయటికి చాపి. “ఇది మా ఆవిడ కారులో స్పానర్ల పెట్టెలో పెట్టెయ్యి. ఆ గేటు పక్కన తెల్ల కారు. అందులో రెండు బట్టల పెట్టెలున్నాయి, అవి పట్టుకొచ్చి మా వెనక కమ్మీలకి కట్టిపెట్టు.”

“మెర్విన్, ఆలోచించుకో. ఈ జూన్ మళ్ళీ దొరకదు.”

“ఆవిడ వానలో నా వెనకాల వచ్చింది, రోలండ్. ఇన్నేళ్ళూ.” తడిసిన నెత్తి తడుముకున్నాడు. “నా నెత్తి మీద ఎండ ఉంది కదాని నాకు తెలియలేదు.”

“ఇప్పుడు తెలిసిందా,” అంది గ్లెనిస్. స్కార్ఫు గట్టిగా పిండింది.

స్క్వైర్స్ మర్యాదస్థుడు. గ్లెనిస్ దగ్గర తాళాలు పుచ్చుకుని, పెట్టెలు తనే మోసుకొచ్చి తాడుతో కట్టాడు. తర్వాత కాగితం తీసి, యాభై కొట్టేసి, పక్కన ఏం వెయ్యాలో తెలియక ఖాళీగా వదిలేశాడు. మామూలుగా రోజులు గడిచే కారుకి ఎన్ని మార్కులు వెయ్యాలో క్లబ్బు నియమాల్లో లేదు. అలాంటి కారుని ఎవడూ కొనడు కూడా.

మైదానం గేటు దాటి పడమర రోడ్డెక్కేసరికి గుడ్డ టాపు మీద వాన సన్నబడింది. అద్దం తుడిచే పుల్లలు ఎడమవైపు మాత్రమే పనిచేస్తున్నాయి. వెనకాల ఎవరూ రావడం లేదు. కారు ఆగిపోతే స్పానర్లు కూడా లేవని మెర్విన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ఆగినప్పుడు చూద్దాంలే అంది గ్లెనిస్. అక్కకి ఫోను చేసి, చేపల కూర ఇద్దరికి సరిపోతుందా అని అడిగింది. ఐర్వెన్ కారణం అడగలేదు, మెర్విన్ ఉల్లిపాయలు తింటాడా అని మాత్రం అడిగింది.

హియర్‌ఫర్డ్ దాటాక మెర్విన్ భయపడుతూ భయపడుతూ, రేపు ఎండ కాసి గడ్డి మళ్ళీ ఆరితేనో అన్నాడు.

“ఆరితే తుమ్ముతాను. జూలై దాటితే పుప్పొడి ఉండదు. ఏడాదికి రెండు నెలలు తుమ్మని వాళ్ళెవరు?” అంది గ్లెనిస్.

మెర్విన్ ఇంకేదో అడగాలనుకున్నాడు. అడిగితే వచ్చే జవాబుకి భయపడి, రోడ్డు మీదే చూపు పెట్టి నడుపుతున్నాడు. టెన్బీలో తనని దించేసి ఒక్కడివే తిరిగి వెళ్ళు అంటుందేమోనని ఆ మనిషి చేతులు స్టీరింగు మీద బిగిసిపోయి ఉన్నాయి. గ్లెనిస్ ఆ చేతులు చూసింది. సీటు సర్దుకుంది. తలుపు గట్టిగా పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.

“అరవై రెండు డిసెంబరు నీకు గుర్తుందా?” అంది. “నాకప్పుడు అయిదేళ్ళు. క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు మార్చి దాకా వదల్లేదు. పాలసీసాలు పగిలిపోయాయి. ఇంకో ఆర్నెల్లకి ఇందులో అదే వస్తుంది. ఒక్క దుప్పటి చాలదు మనకి.”